కెమెరాకు తాగించిన మంగళవారం

కసిమీర యుహ్రా గురించి మంచిగా చెప్పడం తేలిక. న్యాయంగా చెప్పడమే కష్టం.

లా పాస్ నగరానికి ఎగువన ఎల్ ఆల్తోలోని మా పేటలో ఆడవాళ్లు కట్టే కుచ్చిళ్ల పావడాల్లో సగానికి పైగా ఆమె చేతి మీదుగా వెళ్లినవే. బట్టను తడిపి, వేలి వెడల్పున మడతలు పెట్టి, ఒక్కొక్క మడతనూ దారంతో బంధించి, బరువు కింద ఆరబెట్టి ఆమె తీసి ఇచ్చే కుచ్చిళ్లు ఎంత నాట్యమాడినా సడలవు. ఆమెను అందరూ నెమ్మదస్తురాలు అంటారు. ఆ నెమ్మదిలో కొంత స్వభావం, కొంత భయం అని నా అభిప్రాయం. భర్త గనుల వైపు పనికి వెళ్లి అక్కడే మరో కాపురం పెట్టుకున్నాడు. కూతురు పెళ్లి చేసుకుని దిగువన లా పాస్‌లో ఉంటోంది. రోడ్డు వైపు గదిని కసిమీర అద్దెకు ఇచ్చింది.

ఆ గదిలో లీనో ఉవారాచి ఉండేవాడు. సరస్సు వైపు పల్లె నుంచి వచ్చినవాడు, రొట్టెలు అమ్మేవాడు. చీకటి విడవకముందే బట్టీకి పోయి, వేడి రొట్టెల మూట వీపున కట్టుకుని, మంచులో వంగి నడుస్తూ ఇంటింటికీ తిరిగేవాడు. పట్నపు భాష అతనికి పూర్తిగా లొంగలేదు. ఒక మాట అడిగితే జవాబు చెప్పడానికి ముందు నేలకేసి చూసేవాడు. నేలకేసి చూసేవాణ్ణి కొందరు మర్యాదస్థుడంటారు, కొందరు దొంగ అంటారు. మా పేటలో రెండు రకాలవాళ్లూ ఉన్నారు.

కసిమీర ఇంటి ముందు ఆరేసిన పావడాలు ఒకసారి మాయమయ్యాయి. పోయినవి గిరాకీలవి కనుక ఆమెకు అన్నం సహించలేదు. అప్పుడు ఆమె కెమెరా కొన్నది. తీగలూ సెల్‌ఫోన్లూ బాగుచేసే ఎడ్సన్ వచ్చి, తలుపు పైన చూరు కింద దాన్ని బిగించి, ఎదురుగా హసింతా కిరాణా కొట్టూ, విద్యుత్ స్తంభమూ, రోడ్డు మలుపూ కనబడేటట్టు తిప్పి వెళ్లాడు. కెమెరా కంటి మీద పారదర్శకమైన ప్లాస్టిక్ బుడగ ఒకటి ఉంటుంది. ఈ కథంతా ఆ బుడగ గురించే.

మా దగ్గర ఇల్లు కట్టినా, బండి కొన్నా, కుట్టు మిషను తెచ్చినా దానికి ఒక జ్ఞానతండ్రి, అంటే దాని మంచిచెడ్డలు చూసే పెద్ద, ఉండాలి. కార్నివాల్ పండుగ చివరి రోజైన మంగళవారం నాడు ఆ వస్తువుకు చాల్యా చేయాలి, అంటే భూమాతకు తాగించి, వస్తువుకూ తాగించాలి. పూల రేకులు చల్లాలి, రంగు కాగితాలు చుట్టాలి. చాల్యా లేని వస్తువు ఇంట్లో ఉన్నా మనది కాదు. కెమెరాకు జ్ఞానతండ్రిగా ఉండమని కసిమీర అడిగింది ప్లాసిదో అలనోకాను. ఆమె కూతురికి జ్ఞానస్నానం చేయించింది అతనే. అందుకని ఆమెకు అతను అన్నయ్య, అతనికి ఆమె చెల్లెమ్మ. పైగా అతను పేట సంఘానికి అధ్యక్షుడు. మా వీధులకు నీటి గొట్టాలు వచ్చింది అతను కార్యాలయాల చుట్టూ తిరగబట్టే. ఒకసారి దొంగ అని పట్టుకున్న మనిషిని జనం తగలబెట్టబోతుంటే, అడ్డంగా నిలబడి తల మీద రాయి దెబ్బ తిన్నదీ అతనే. ఈ రెండు సంగతులూ ముందే చెబుతున్నాను, ఎందుకంటే తర్వాత చెప్పబోయేవి విని ప్లాసిదోను దుర్మార్గుడనుకోవడం సులభం. అతను దుర్మార్గుడు కాడు.

ఆ మంగళవారం అతను సీసా పట్టుకుని నిచ్చెన ఎక్కాడు. కింద హసింతా, అంటే అతని సొంత చెల్లెలు, పూల రేకుల బుట్టతో నిలబడింది. బీరు చల్లితే చాలని ఎవరో అన్నారు.

"బీరా? నా జ్ఞానపుత్రికకు బీరు పోస్తానా?" అన్నాడు ప్లాసిదో. "నేను తాగేది నికార్సైన ఆల్కహాల్, దీనికీ అదే. కళ్లు బాగా తెరుచుకోవాలి దీనికి!"

"అన్నయ్యా, దానికి కన్ను ఒక్కటే," అంది కసిమీర.

"అయితే రెండింతలు పోయాలి చెల్లెమ్మా, రెండో కంటిది కూడా ఇదే తాగాలి కదా."

అందరూ నవ్వారు. అతను మూత నిండా పోసి బుడగను తడిపాడు, మళ్లీ తడిపాడు. తన రుమాలుతో గుండ్రంగా, ప్రేమగా తుడిచాడు. నేనూ అక్కడే ఉన్నాను. అందరితోపాటు నవ్వాను, టపాసులకు చెవులు మూసుకున్నాను. ఆ పనిలో తప్పు కనిపెట్టే కారణం మాలో ఎవరికీ లేకపోయింది.

బుడగ ఒక్కరోజులో చెడిపోలేదు. కసిమీర ఫోనులో వీధిని చూసుకునేది సాయంత్రాలప్పుడు, ఇస్త్రీ పెట్టె వేడెక్కేలోపు. బొమ్మ పాలిపోతున్నట్టు ఆమెకు అనిపించింది. ఫోను పాతదై ఉంటుందనుకుంది. చలికాలం వచ్చాక మంచనుకుంది. ఒకసారి బల్ల ఎక్కి పావడా అంచుతో బుడగను తుడిచింది. తుడిచాక కొంచెం మేలనిపించింది, మేలు కావాలనుకుంది కనుక.

అలాంటి చలి ఉదయాల్లో ఒకనాడు హసింతా కొట్టు తాళం విరగ్గొట్టారు. గ్యాసు సిలిండర్లు పోయాయి, నూనె డబ్బాలు పోయాయి, ఆమె తన తల్లి నుంచి తెచ్చుకుని చెక్కపెట్టెలో దాచుకున్న వికూన్యా అనే కొండజంతువు ఉన్నితో నేసిన ఖరీదైన శాలువా కూడా పోయింది. సిలిండర్లకు ఆమె తిట్టింది. శాలువాకు ఏడ్చింది. ఆ ఏడుపు వినే పేట ఆవేశపడింది.

కెమెరా ఉందని అందరికీ గుర్తొచ్చింది. కసిమీర ఫోను చుట్టూ జనం మూగారు. ఆ ఏడు సంఘంలో తగవులు విచారించే బాధ్యత నాది కనుక నన్నూ పిలిచారు. బొమ్మలో పాలలో ముంచినట్టున్న వీధి. స్తంభం దీపం చుట్టూ తెల్లటి వెలుగు ముద్ద. కొట్టు తలుపు దగ్గర నుంచి ఒక ఆకారం వంగి, వీపున మూటతో, మలుపు వైపు నడిచి పోయింది. ముఖం లేదు. మగో ఆడో తెలియదు. ఇంతే సాక్ష్యం.

"ఆ నడక చూశారా?" అన్నాడు ప్లాసిదో. "వంగిపోయి, నేల చూసుకుంటూ. ఎవరు నడుస్తారు అలా?"

ఎవరో అనేదాకా ఆగారు జనం. అతనే అన్నాడు.

"రొట్టెలోడు. లీనో."

"మూట ఉంది కదా ప్లాసిదో," అన్నాను. "తెల్లారుజామున ఇక్కడ మూట లేకుండా నడిచేవాడెవడు? అలాంటివాడు కనబడితే వాణ్ణే ముందు అనుమానించాలి."

"మాస్టారూ, మీరు పుస్తకాలు చదివిన మనిషి. నేను మనుషుల్ని చదివినోణ్ణి."

నేను కసిమీర వైపు చూశాను. లీనో ఆమె ఇంట్లో ఉండే మనిషి. అతను బట్టీకి ఏ వేళకు పోతాడో, ఏ వేళకు వస్తాడో ఆమెకు తెలుసు. ఆమె ఫోనును భుజం మీది శాలువా కొంగుతో తుడుస్తూ నిలబడింది. ఏమీ అనలేదు. ఆ మౌనాన్ని జనం ఒప్పుకోలుగా తీసుకున్నారు. న్యాయంగా చెప్పాలంటే, కూతురి జ్ఞానతండ్రి మాటకు పది మందిలో ఎదురు చెప్పడం మా దగ్గర ఆడవాళ్లకే కాదు, మగవాళ్లకూ సాధ్యమయ్యే పని కాదు. అయినా ఆ రోజు ఆమె నోరు తెరవవలసింది. ఈ రెండు మాటలూ నిజమే.

ఆదివారం సంఘం సమావేశం వరకు ఎవరూ ఎవరి మీదా చేయి వేయరాదని నేను పట్టుబట్టాను. ప్లాసిదో ఒప్పుకున్నాడు. "ఆదివారం దాకా వాడు ఇక్కడే ఉంటే మాట్లాడదాం. ఉండకపోతే మాట్లాడాల్సిన పనే లేదు," అన్నాడు. పోలీసు ఠాణాలో బొమ్మ చూసిన ఉద్యోగి, "ఇదేంటమ్మా, వంటింట్లో పొగా?" అని అడిగి ఫోను వెనక్కిచ్చాడు.

మర్నాడు కసిమీర నా ఇంటికి వచ్చింది. తలుపు లోపలికి రాలేదు.

"మాస్టారూ, ఆ బొమ్మని శుభ్రం చేయించాలి. ముఖం కనబడితే లీనో కాదని తేలిపోద్ది కదా."

"లీనో కాదని నీకు తెలుసా?"

"ఆ పొద్దున మెట్ల మీద అతని అడుగుల చప్పుడు విన్నాను. కొట్టు పగిలిన చప్పుడు దాని తర్వాత. కానీ నా చెవుల్ని ఎవరు నమ్ముతారు? కంటినే నమ్ముతారు."

"అన్నయ్యతో ఈ మాట అనరాదా?"

ఆమె తన గుండ్రటి టోపీని సర్దుకుంది. "ముందు బొమ్మని బాగుచేద్దాం మాస్టారూ," అంది.

ఆమె ఆశ అంతా అందులోనే ఉంది. బొమ్మ బాగైతే తను మాట్లాడనవసరం ఉండదు.

ఎడ్సన్ వచ్చాడు. మాటకారి, పనిలో శ్రద్ధగలవాడు. ముందు ఆమె ఫోను తీసుకుని వెతికాడు. "అక్కా, డేటా ఆదా చేయమని నొక్కి పెట్టావు. అందుకే బొమ్మ గోధుమ పిండిలా రాలిపోతోంది," అన్నాడు. దాన్ని మార్చాడు. తర్వాత ఇంటర్నెట్ పెట్టె ఎక్కడుందని అడిగాడు. అది పావడాలు దాచే ఇనుప బీరువా వెనక ఉంది, దుమ్ము పడకుండా ఆమె అక్కడ పెట్టింది. "దీన్ని జైల్లో పెట్టి రోడ్డు మీద కబుర్లు తెమ్మంటే ఎలా తెస్తుంది?" అంటూ కిటికీ దగ్గరికి మార్చాడు. చూరు కింద సాలెగూడు దులిపాడు. ప్రతి పని తర్వాతా కసిమీర ఫోను వంక చూసేది. కదలిక నునుపైంది, గళ్లు పోయాయి. పాలు మాత్రం అలాగే ఉన్నాయి.

అప్పుడతను నిచ్చెన ఎక్కి బుడగ విప్పి కిందకు తెచ్చి, ఎండకు ఎదురుగా పట్టుకున్నాడు. కాల్చిన మట్టికుండ మీద ఉండే గీతల్లాంటి సన్నటి పగుళ్లు, వెంట్రుక కంటే సన్నటివి, బుడగంతా అల్లుకుని ఉన్నాయి.

"దీన్ని ఆల్కహాల్‌తో ఎవరు కడిగారు?"

కసిమీర చేతుల వైపు చూసుకుంది.

"కడగలేదు తమ్ముడూ. తాగించారు."

ఎడ్సన్‌కు అర్థమవడానికి క్షణం పట్టింది. తర్వాత నవ్వాడు. "కెమెరాక్కూడా పోశారా? పోలీసులు ఊదిస్తే దొరికిపోద్ది ఇది!" ఆమె నవ్వకపోవడం చూసి ఆపాడు. ఈ రకం ప్లాస్టిక్‌ను ఆల్కహాల్ తినేస్తుందనీ, ఇక్కడి ఎండ మిగతా పని పూర్తి చేసిందనీ చెప్పాడు. చీకట్లో కెమెరా తనంతట తాను కనబడని వెలుగు ఒకటి చల్లుకుంటుందట. ఆ వెలుగు పగుళ్లలో చిక్కుకుని పాలలా పరుచుకుంటుందట. "తుడిచేకొద్దీ ఇంకా గీసుకుపోద్ది. మార్చడం ఒక్కటే దారి."

కొత్త బుడగ తెచ్చి బిగించాడు. కసిమీర ఫోనులో వీధిని చూసింది. కొట్టు షట్టరు మీద వంపులు, రోడ్డు మీద కుక్క చెవి కదలిక, హసింతా జడల చివర నల్లటి ఉన్ని కుచ్చులు, అన్నీ విడివిడిగా కనబడ్డాయి. ఆమె ముఖం వెలిగింది. ఆ వారంలో ఆమె ముఖంలో వెలుగు చూడడం అదొక్కసారే.

"ఇప్పుడు ఆ పాతదాన్ని కూడా ఇలా చెయ్యి తమ్ముడూ."

"పాతదాన్నా?"

"ఆ దొంగతనం రోజుది. కన్ను బాగైంది కదా."

"అక్కా, అప్పుడు కన్ను చూసిందే అది. చూడనిదాన్ని ఇప్పుడు ఎక్కణ్ణుంచి తేవాలి?"

"నా దగ్గరికి కుచ్చిళ్లు తప్పుగా పడ్డ పావడాలు వస్తాయి. తడిపి, మడతలన్నీ విప్పి మళ్లీ పెడతాను. అంత ఓపిక నీకు లేదా?"

"నీ దగ్గర బట్ట ఉంటుంది అక్కా. ఇక్కడ బట్టే లేదు."

ఆమె నమ్మలేదు. చేయగలిగిందేదో చేయమని ప్రాధేయపడింది. మసక బొమ్మలకు ముఖాలు తెప్పించే కిటుకు ఒకటి ఫోనులో ఉందని, అది మంచిది కాదని చెబుతూనే ఎడ్సన్ చేసి చూపించాడు. ఆ తెల్లటి ముద్దలోంచి ఒక ముఖం మొలిచింది. నున్నటి బుగ్గలు, వరసైన పళ్లు, చిన్న చిరునవ్వు. మా పేటలో అలాంటి మనిషి ఎప్పుడూ లేడు. పొద్దున్నే గ్యాసు సిలిండరు మోసేవాడు అలా నవ్వడు.

"ఎవరిది ఈ ముఖం?" అంది కసిమీర.

"ఎవరిదీ కాదు. అది ఊహించి గీసింది."

"చెరిపెయ్. అన్నయ్య చూస్తే దీనికీ ఒక పేరు పెడతాడు."

పక్కరోజు పొద్దున ఆమె కొత్త కంటితో వీధిని చూసినప్పుడు మొదట కనబడింది స్తంభానికి వేలాడుతున్న గుడ్డ బొమ్మ. దొంగలకు హెచ్చరికగా స్తంభాలకు గుడ్డ బొమ్మలు కట్టడం మా పేటల్లో మామూలే. మా మలుపులో అంతకుముందు ఒకటి ఉండేది, వానకు తడిసి, ఎండకు వెలిసి, ఎవరినీ పోలకుండా. ఇది కొత్తది. దాని మెడకు చుట్టిన ఊదారంగు మఫ్లరు మా కసిమీర ఇంట్లో బట్టలు ఆరేసే తాడు మీద నుంచి మాయమైనదే. అది లీనోది. అంచున అతని తల్లి అల్లిన పచ్చటి గీత కూడా కెమెరాలో స్పష్టంగా కనబడింది.

లీనో దాన్ని కెమెరాలో చూడనక్కర్లేదు. దాని కింద నుంచే రొట్టెలకు వెళ్లి వచ్చాడు.

"అన్నం తిను," అంది కసిమీర. చునో, అంటే మంచులో ఎండబెట్టిన బంగాళాదుంపల పులుసు గిన్నె ముందు పెట్టింది. ఆ రోజు ఆమె ఇంటి వాకిట్లో నేనూ కూర్చుని ఉన్నాను.

"తిన్నాను అక్కా."

"తినలేదు. రొట్టెలు కూడా అమ్ముడవలేదు, మూట అలాగే ఉంది."

"కొందరు తలుపు తీయలేదు. కొందరు తీసి, మూటలో ఏముందో చూపించమన్నారు." అతను నేలకేసి చూశాడు. "చూపించాను. రొట్టెలే."

"ఆదివారం దాకా ఉండు. మాస్టారు ఒక పరీక్ష పెడతానంటున్నారు."

నేను అతనికి వివరించాను. ఎడ్సన్ పాత బుడగను మళ్లీ బిగిస్తాడు. దొంగతనం జరిగిన వేళకే, అదే దారిలో, కొందరం వీపున మూటలతో ఒకరి తర్వాత ఒకరం నడుస్తాం. అతనూ నడవాలి. ఆ బొమ్మల్ని సమావేశంలో చూపించి, ఎవరు ఎవరో చెప్పమంటాం. చెప్పలేకపోతే ఆ కెమెరా ఎవరి మీదా సాక్ష్యం కానేరదు.

అతను శ్రద్ధగా విన్నాడు. "నడుస్తాను," అన్నాడు. "కానీ మాస్టారూ, పరీక్ష నిజం తెలుసుకోవాలనుకునేవాళ్లకి కదా," అన్నాడు.

నేను ఎడ్సన్‌తో మాట్లాడడానికి లేచాను.

శుక్రవారం తెల్లవారుజామున గడ్డకట్టే చలిలో నడిచాం. నేను నడిచాను, కసిమీర నడిచింది, ఎడ్సన్ నడిచాడు, లీనో నడిచాడు. హసింతాను కూడా నడవమని అడిగాను. ఆమె మొదట తిట్టింది. "నా కొట్టే దోచి, నన్నే దొంగలా నడవమంటారా?" అంది. తర్వాత, "సరే, నాకూ నిజమే కావాలి. ఆ శాలువా మా అమ్మది," అని మూట కట్టుకుని వచ్చింది. సాయంత్రానికి ఎడ్సన్ పాత బుడగ తీసి కొత్తది మళ్లీ బిగించాడు.

శనివారం పొద్దున లీనో వెళ్లిపోయాడు. గది తలుపు దగ్గరగా వేసి ఉంది. దుప్పటి మడత పెట్టి ఉంది. దాని మీద తాళంచెవి, పక్కన గుడ్డలో చుట్టిన రొట్టెలు, వాటిలో ఇంకా కొంచెం వేడి.

కసిమీర ఫోను తెరిచి వెనక్కు జరిపి చూసింది. తలుపు తీసుకుని వచ్చాడు. ఊరికి పోయే మూట వీపున ఉంది. స్తంభం కింద ఆగి, తలెత్తి ఆ మఫ్లరు వైపు చూశాడు. చేయి చాచితే అందేదే. అందుకోలేదు. తర్వాత వెనక్కు తిరిగి ఇంటి వైపు, సరిగ్గా కెమెరా వైపు, ముఖమెత్తి చూశాడు. టోపీ తీశాడు. నుదుటి మీద మంచు కొరికిన మచ్చ, పగిలిన పెదవులు, కళ్ల కింద నిద్రలేని నలుపు, అన్నీ కనబడ్డాయి. ఆ కెమెరా లీనో ముఖాన్ని స్పష్టంగా తీసింది అదొక్కసారే.

ఆదివారం సంఘం గదిలో నిలబడడానికి చోటు లేదు. గోడకు తెల్ల దుప్పటి కట్టి, ఎడ్సన్ బొమ్మ వేశాడు. పరీక్ష ఎలా జరిగిందో నేను చెప్పాను. లీనో వెళ్లిపోయిన కబురు నాకంటే ముందే అక్కడికి చేరింది.

"ఇంకా ఏం పరీక్ష మాస్టారూ? పక్షి ఎగిరిపోయాక గూటికి పరీక్షా?" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

"వినండి," అన్నాడు ప్లాసిదో. "మాస్టారికి మాట ఇచ్చాం. చూద్దాం." అతన్ని నేను గౌరవించేది ఇందుకే.

దుప్పటి మీద పాలపొగలోంచి ఒక ఆకారం వంగి నడిచింది. తర్వాత ఇంకొకటి. ఇంకొకటి. జనం అప్పుడే పేర్లు అనుకోవడం మొదలెట్టారు. మూడో ఆకారం కొట్టు ముందు తడబడి, మూట సర్దుకుని, మలుపు తిరిగింది.

ప్లాసిదో లేచాడు. "అదిగో! అదీ వాడే! ఆ భుజం చూడండి, ఆ పాదం ఈడ్చడం చూడండి. ఆ రోజు కూడా ఇంతే. వెయ్యి మందిలో పెట్టినా గుర్తుపడతాను."

"నిశ్చయంగా?" అన్నాను.

"మా అమ్మ మీద ఒట్టు."

"మన అమ్మ మీద ఒట్టేసేటప్పుడు కొంచెం చూసుకో అన్నా," అంది హసింతా ముందు వరసలోంచి. "అది నేనే. పాదం ఈడ్చింది నా పాత చెప్పు వల్ల."

గది ఒక్కసారిగా గొల్లుమంది. ఆడవాళ్లు టోపీలు పట్టుకుని నవ్వారు. "నీ కొట్టుకు నువ్వే కన్నం వేసుకున్నావా హసింతా!" అని ఒకరు. "అధ్యక్షుడిగారికి అద్దాలు పెట్టించండి!" అని ఒకరు. ప్లాసిదో చెవులు ఎర్రబడ్డాయి. నాకు ఆ క్షణంలో, నేరం రుజువు కాలేదని ఈ గది ఒప్పుకుంటుందన్న ఆశ కలిగింది.

నవ్వు ఆగాక అతను నెమ్మదిగా అడిగాడు. "సరే. నేను పొరబడ్డాను. మరి వాడెందుకు పారిపోయాడు?"

ఎవరూ నవ్వలేదు. అవునన్నట్టు తలలు ఊగాయి. పాలపొగలో ముఖం కనబడాల్సిన అవసరం ఇక లేదు.

అప్పుడు కసిమీర లేచింది. పది మందిలో ఆమె లేవడం నేను అంతకుముందు చూడలేదు. చేతులు కొంగులో చుట్టుకుని ఉన్నాయి.

"స్తంభానికి అతని మఫ్లరు కట్టారు అన్నయ్యా. అందుకు పోయాడు."

"మఫ్లరు ఎవరు కట్టారో నాకు తెలీదు చెల్లెమ్మా."

"నాకూ తెలీదు. కానీ దొంగతనం చప్పుడుకి ముందే అతను బట్టీకి పోయాడు. మెట్ల మీద అడుగులు విన్నాను."

"ఆ రోజు చెప్పలేదే?"

"చెప్పలేదు." ఆమె కొంగులోంచి చేతులు తీసింది. "ఇంకొకటి కూడా చెప్పలేదు. కెమెరా కన్ను చెడింది నువ్వు పోసిన ఆల్కహాల్ వల్ల. ఎడ్సన్ చూశాడు. కన్ను బాగుంటే దొంగ ముఖం కనబడేది."

గదిలో ఒక గొణుగుడు అలలా లేచింది. ప్లాసిదో కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. అతని ముఖంలో నిజమైన బాధ కనబడింది.

"నేను పోసింది భూమాత పేరు మీద. నీ ఇంటికి మేలు కోరి పోశాను. అది చెడగొట్టిందంటావా?"

ఒక ముసలమ్మ బిగ్గరగా అంది, "తల్లికి పోసినదాన్ని తప్పుపట్టే ఇంట్లో దొంగలు కాక దేవదూతలు అద్దెకుంటారా!"

ఎడ్సన్ లేచి ప్లాస్టిక్ సంగతి చెప్పబోయాడు. ఎవరూ వినలేదు. బుడగను చేతులు మార్చి చూడమని నేను అందించాను. మొదటి వరసలోనే ఒకావిడ దాన్ని ఒడిలో పెట్టుకుని, పక్కావిడతో మాటల్లో పడింది. నేరం రుజువు కాలేదన్న తీర్మానాన్ని నేను గట్టిగా చదివాను. చేతులు ఎత్తారు, చాలామందే ఎత్తారు. ఆ తర్వాత కాలవ మూతల సంగతికి వెళ్లారు. స్తంభం మీది గుడ్డ బొమ్మను విప్పమని ఎవరికీ చెప్పలేదు, ఎవరూ విప్పలేదు. చివరకు కసిమీరే బల్ల వేసుకుని మఫ్లరు ఒక్కటే విప్పి, ఉతికి, లీనో గదిలో పెట్టింది. మెడ ఖాళీ అయిన బొమ్మ అలాగే వేలాడుతోంది.

దొంగ ఎవరో ఈనాటికీ తెలియదు. లీనో అయి ఉండడానికి వీలు లేదని నేను చెప్పలేను. కసిమీర విన్న అడుగులు ఒకటే నా దగ్గర ఉన్న సాక్ష్యం, అది కూడా ఆలస్యంగా వచ్చింది. అతనే చేశాడనడానికి మాత్రం ఏ ఆధారమూ లేదు. నేను అతని కోసం బట్టీలో అడిగాను, బస్సుల దగ్గర అడిగాను. సరస్సు వైపు పోయే డ్రైవరు ఒకడు, అలాంటి మనిషిని ఎక్కించుకున్నట్టు గుర్తుందన్నాడు, తర్వాత అలాంటివాళ్లు రోజూ ఎక్కుతారన్నాడు. కసిమీర ఆ గదిని మళ్లీ అద్దెకివ్వలేదు. అడిగినవాళ్లకు పైకప్పు కారుతోందని చెబుతుంది. కారడం లేదు.

ఆమె ఫోనులో రెండు బొమ్మలు ఉన్నాయి. మసకదాన్ని పేట అంతా చూసింది. స్పష్టమైనదాన్ని చూపించమని ఇంతవరకు ఎవరూ అడగలేదు.

మళ్లీ కార్నివాల్ మంగళవారం వచ్చింది. ప్లాసిదో సీసాతో వచ్చాడు. రాకపోతే మాట పడిపోయినట్టు, ఆమె రమ్మనకపోతే బంధుత్వం తెగిపోయినట్టు. ఇద్దరికీ ఆ సంగతి తెలుసు. అతను ఆమెను దగ్గరకు తీసుకుని, జుట్టు మీద రంగు కాగితపు ముక్కలు చల్లాడు. ఆమె కూడా చల్లింది.

"గోడకు పొయ్యి అన్నయ్యా," అంది ఆమె చిన్నగా. "ఈసారి కంటికి వద్దు."

అతను నిచ్చెన మీద ఆగి కిందకు చూశాడు. వాకిలి నిండా జనం. అతను ఏదో ఆలోచించాడనే నేను అనుకుంటున్నాను.

"అందరం తాగుతుంటే దాన్నొక్కదాన్నే దాహంతో కూర్చోబెడతామా చెల్లెమ్మా?" అన్నాడు. గొంతులో వేళాకోళం ఉంది, చూపు మాత్రం జనం మీదే ఉంది. జనం నవ్వారు. హసింతా రేకులు విసిరింది.

మూత తిరిగిన చప్పుడైంది. నిచ్చెన ఊగకుండా కసిమీర రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. పైనుంచి జారే చుక్కలు కళ్లలో పడకుండా తల వంచుకుంది.